నీళ్లు తగ్గిన వారం

నవంబరు 3, గురువారం. నీటిమట్టం 41 గీతలు.

ఈ పుస్తకంలో రోజూ రాయాలన్నది ఇక్కడి షరతు. నీటిమట్టం, వాడిన కట్టెలు, కనిపించిన పక్షులు. పెన్సిల్‌ని దారంతో పుస్తకానికే కట్టి ఉంచారు. చేత్తో రాసి ఎన్నేళ్లయిందో. నా అక్షరాలు చూసి తహసీన్ కోడి కెలికినట్టున్నాయంది. అయినా కాగితాల మీద ముగ్గురికీ నాయకురాలిని నేనే కాబట్టి నేనే రాస్తున్నాను. నా పేరు చార్వి. కాకినాడలో లిఫ్టులు తనిఖీ చేస్తాను. తహసీన్ రేవులో క్రేన్ నడుపుతుంది. బ్లెస్సీ బడిలో తెలుగు చెబుతుంది. పాలిటెక్నిక్ హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ముగ్గురం కలిసి ఊరు దాటి రావడం పద్దెనిమిదేళ్ల తర్వాత ఇదే.

పదకొండు గంటలకు మౌన మండలం సరిహద్దు రాయి దాటాం. ఇందులోకి ఏ సంకేతమూ రాదు, ఇందులోంచి పోదు. దాటగానే నా భుజం ఎముక కింద గింజ సన్నగా అదిరి ఊరుకుంది. ఐదో ఏట పెట్టినది, ఎప్పుడూ ఊరుకున్నది కాదు. తహసీన్ రోడ్డు మధ్యలో నిలబడి, "ఇప్పుడు నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో మా ఆయనకి తెలీదు," అంది. బ్లెస్సీ రాయి నుంచి రేవు దాకా రెండున్నర కిలోమీటర్లూ నవ్వుతూనే నడిచింది.

రేవులో సన్యాసమ్మ పడవతో ఎదురుచూస్తోంది. అరవై దాటిన మనిషి. తెడ్డు వేస్తుంటే చేతులు తాళ్లలా ఉన్నాయి. జలాశయం మధ్యలో దిబ్బ, దిబ్బ మీద ఈ చెక్క గుడిసె. కరెంటు లేదు. ఒక చిన్న దోనె ఇచ్చారు, చుట్టుపక్కల తిరగడానికి.

"పదో రోజు పొద్దున్నే వచ్చీసి తీసుకుపోతాను. మద్దిలో ఏటైనా అయితే ఈ ఎర్రగుడ్డ కర్రకి కట్టండమ్మా. రేవు కాడికి అగుపడతాది," అని చెప్పి సన్యాసమ్మ వెళ్లిపోయింది.

పొయ్యి రాజేయడానికి గంటన్నర పట్టింది. ముగ్గురికీ కళ్లు మండాయి. పప్పుచారు పొగవాసన వేసినా మొత్తం తినేశాం. నేను తెచ్చిన గొట్టం కాజాలు బ్లెస్సీ నాలుగు తింది, ఒకదాని తర్వాత ఒకటి, కళ్లు మూసుకుని.

పక్షులు: నీటికాకులు, లకుముకి ఒకటి. కట్టెలు: చాలా.

నవంబరు 4, శుక్రవారం. 40.

నీళ్లు మోయడం, కాచడం, చల్లార్చడం, మళ్లీ మోయడం. సగం రోజు దానికే సరిపోయింది. తహసీన్ గొడ్డలి పట్టడం నేర్చుకుంది. బ్లెస్సీ చెక్క రేవు నుంచి దూకి గంటసేపు ఈదింది. బయటికొచ్చి జుట్టు పిండుకుంటూ, "ఇంట్లో అయితే ఈపాటికి గోడ మీద ఎర్ర గీత పడేది," అంది.

వాళ్లింట్లో వంటింటి గోడ మీద ఆమె గింజ పంపే అంకెలు కనిపిస్తుంటాయి. భర్త విక్టర్, పిల్లలు, అత్తగారు అందరూ చూస్తారు. మా ఇంట్లోనూ ఉందిగాని, నా అంకెలు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా గింజ చూసి ఊరుకునే రకం. బ్లెస్సీది మందు కూడా వదిలే రకం.

నవంబరు 5, శనివారం. 36.

ఒక్కరోజులో నాలుగు గీతలు. గీతకు జానెడు. చెక్క రేవు చివరి మెట్టు గాల్లో ఉంది. అడుగున తడి ఒండ్రు బయటపడింది, దాని మీద కొంగలు. ఆనకట్ట గేట్లెత్తి ఉంటారనుకున్నాం. బయటి వాళ్లెవరూ మాకు చెప్పే వీలు లేదు, మేం అడిగే వీలూ లేదు. అందుకేగా వచ్చాం అంది తహసీన్.

రోజంతా పాత సంగతులే. మా వార్డెన్ గారి ఈల గురించి చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వాం.

నవంబరు 6, ఆదివారం. 30.

ఒండ్రు ఇప్పుడు దిబ్బ చుట్టూ వంద అడుగుల మేర ఉంది. దోనెను నీళ్ల దాకా తోయబోయి తహసీన్ మోకాళ్ల దాకా దిగబడింది. ఒక చెప్పు పోయింది. చేపల ఆశ వదులుకున్నాం.

బ్లెస్సీ మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగుతూనే ఉంది. సాయంత్రానికి కాచిన కుండ ఖాళీ. ఇంకో కుండ కాచాను, అదీ అయిపోయింది. నిమిషానికోసారి బయటికి పరుగు. "ఎండలో ఈదావు కదా, వేడి చేసి ఉంటుంది," అని తహసీన్ బెల్లం నీళ్లు కలిపిచ్చింది. రెండు గ్లాసులు తాగింది. ఇంకోటి అడిగితే అదీ ఇచ్చాం.

నవంబరు 7, సోమవారం. 23.

ఇవాళ పక్షుల గురించి రాయను.

తెల్లవారుజాము నుంచి బ్లెస్సీకి వాంతులు. ఏమీ లేకపోయినా వాంతి. పెదవులు ఎండిపోయి తెల్లగా పొట్టు లేచాయి. మళ్లీ బెల్లం నీళ్లు కలుపుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అది ఒద్దే. అదే చేస్తోందేమో," అంది.

"ఏది?"

"బెల్లం. నాకు సరిగ్గా తెలీదు. నా గింజ ఆగిపోయింది చార్వీ. నిన్న పదకొండింటికి."

తహసీన్ చేతిలో గొడ్డలి కింద పెట్టి లోపలికొచ్చింది.

బ్లెస్సీ మాట మాటకీ ఆగి చెప్పింది. తొమ్మిదో ఏట ఆమె ఒంట్లో షుగరును అదుపు చేసేదేదో చచ్చిపోయింది. ఆనాటి నుంచి ఆ పని గింజ చేస్తోంది. ఊళ్లోని యంత్రం గంటగంటకీ ఆజ్ఞ పంపుతుంది, గింజ మందు వదులుతుంది. ఎవరూ చూడకుండా మందు వదలకూడదని చట్టం. ఆజ్ఞ అందకపోతే గింజ చివరి ఆజ్ఞ మీదే మూడు రోజులు నడిచి, తనంతట తానే మూసుకుంటుంది. ఇలాంటి చోటికి వచ్చేవాళ్లు పది రోజుల ఆజ్ఞలు ముందే నింపించుకుని, నింపినట్టు చీటీ తెచ్చుకోవాలి.

"నాకివ్వలేదు. పోయిన నెల అంకెలు బాలేవట. యంత్రం మళ్లీ మూడు నెల్ల తర్వాత అడగమంది," అంది. "సగం మందైనా వదులుతుందనుకున్నాను. పూర్తిగా మూసేస్తుందనుకోలేదే."

"ఆగితే ఏమవుతుంది?" తహసీన్ అడిగింది.

"తెలీదు. తొమ్మిదో ఏటి నుంచి నాకెవరూ ఏమీ చెప్పలేదు. అదే చూసుకునేది."

మాకూ తెలియదు. షుగరు జబ్బు అనే మాట మా అమ్మమ్మ నోట విన్నాను. ఆవిడ రోజూ పొట్టకి సూది వేసుకునేదట. అంతకు మించి ఏ ముక్కా గుర్తులేదు.

మొదటి రోజు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. సరిహద్దు రాయి దగ్గర నింపిన కాగితంలో, గింజలో మందున్నవారి చీటీ నాయకురాలు చూశారా అని ఒక ప్రశ్న ఉంది. బ్లెస్సీ సంచి అడుగున ఉందంది. పైన బట్టలు, బియ్యం. "ఇప్పుడంతా తీయాలటే?" అంది. చూశాను అని రాసి సంతకం పెట్టాను. నేను చూడలేదు. లిఫ్టు తాడు చూడకుండా ఏనాడూ సంతకం పెట్టినదాన్ని కాను.

ఎర్రగుడ్డ కట్టాం. పచ్చి ఆకులు వేసి పొగ పెట్టాం. మధ్యాహ్నం మూడు దాకా అవతలి రేవు వైపు చూస్తూ కూర్చున్నాం. అక్కడ మనిషి అలికిడి లేదు. సన్యాసమ్మ పడవ కూడా లేదు.

నవంబరు 8, మంగళవారం. 17.

ఎర్రగుడ్డ గాలికి ఆడుతూనే ఉంది. ఎవరూ రాలేదు.

ఒండ్రు మూడు వందల అడుగులు దాటింది. దాని తర్వాత నీళ్లు సన్నని పాయగా మిగిలాయి. జలాశయం కట్టకముందు ఇక్కడ పారిన ఏరు అదేనేమో. పాయకు అవతల మళ్లీ ఒండ్రు, ఆపైన రేవు.

పొద్దున బ్లెస్సీని దోనెలో పడుకోబెట్టి ఇద్దరం వెనక నుంచి తోశాం. పది అడుగులు కదిలింది. బ్లెస్సీ బరువుకు దోనె ముక్కు ఒండ్రులో గుచ్చుకుంది. నేను నడుము దాకా దిగబడ్డాను. బయటపడడానికి గంట పట్టింది. ఒంటరిగా, దోనె మీద బోర్లా పడుకుని కాళ్లతో తన్నుకుంటూ పోతే జారుతుందని తహసీన్ కనిపెట్టింది. అలా యాభై అడుగులు వెళ్లి వచ్చింది కూడా.

"రేపు తెల్లారగానే నేను పోతాను. రాయి దాటితే చాలు, నా గింజ నుంచి కబురు పోతుంది. మధ్యాహ్నానికి మనుషుల్ని తెస్తాను," అంది.

నేను పోతానన్నాను. ముగ్గురిలో క్రేన్ ఎక్కేది ఎవరు, లిఫ్టులో తిరిగేది ఎవరు అంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

బ్లెస్సీ ఊపిరి మారింది. పరిగెత్తి వచ్చిన మనిషిలా లోతుగా, ఆగకుండా తీస్తోంది. దగ్గరికి వెళితే మిగల ముగ్గిన పండు వాసన. ఉప్పు కలిపిన నీళ్లు చెంచాతో పోస్తున్నాను. పోసిన నాలుగింటిలో రెండు నిలుస్తున్నాయి.

నవంబరు 9, బుధవారం. 14.

ఆరింటికి తహసీన్ బయలుదేరింది. నడుముకి తాడు, వీపున నీళ్ల సీసా. వెళ్లేముందు బ్లెస్సీ నుదుటి మీద చెయ్యి వేసింది. కోపంగానే వేసింది.

"తిరిగొచ్చాక నిన్ను కొడతాను," అంది.

"సరే," అంది బ్లెస్సీ.

ఒండ్రు మీద ఆమె జారుతూ పోవడం చూశాను. పాయ దగ్గర దోనెలో కూర్చుని తెడ్డు వేసింది. అవతలి ఒండ్రు మీదికి ఎక్కడం కూడా చూశాను. అప్పుడు తుంపర మొదలైంది. కాసేపటికి అవతలి ఒడ్డు, ఆ తర్వాత పాయ, చివరికి మా చెక్క రేవు కూడా కనిపించకుండా పోయాయి.

మధ్యాహ్నం దాటింది. మూడైంది. నాలుగైంది. ఎవరూ రాలేదు. వసారాలో నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టాను. అటు నుంచి ఏ చప్పుడూ లేదు.

బ్లెస్సీకి మధ్యమధ్యలో తెలివి వస్తోంది. అలా వచ్చినప్పుడు అడిగాను, ఎందుకు వచ్చావని. తిట్టడానికి కాదు. తెలుసుకోవాలనిపించింది.

"పొద్దున లేవగానే మా అత్తగారు గోడ చూసి, రాత్రి నిద్ర పట్టలేదేమ్మా అంటుంది. విక్టర్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఇప్పుడేం తిన్నావు అంటాడు. మా చిన్నది అమ్మా నీకు కోపమొచ్చింది, పసుపు గీత పడింది అంటుంది. అందరూ మంచోళ్లే. ఎలా ఉన్నావని మాత్రం ఎవరూ అడగరు. చూసేస్తారు," అంది. కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ, "పది రోజులే కదా అనుకున్నాను," అంది.

కూరగాయల కత్తి మరిగే నీళ్లలో వేశాను. ఇది కూడా రాయాలి. ఆమె గింజలో ఆరు నెలల మందు ఉంది. చర్మం కింద, వేలితో తడిమితే తగులుతుంది. మనిషి చచ్చిపోతోంది మందు లేక, మందు ఆమె ఒంట్లోనే ఉంది. కోసి బయటికి తీస్తే, పగలగొడితే, ఒక్క చుక్క లోపలికి పంపితే. ఆ చుక్క ఎంత ఉండాలి? చుక్క ఎక్కువైతే ఏమవుతుంది? కత్తి బయటికి తీసి ఆరబెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. బ్లెస్సీ కళ్లు తెరిచి కత్తిని చూసింది, నన్ను చూసింది.

"ఒద్దు. ఎంత వేయాలో నీకు తెలీదు," అంది.

కత్తిని కిటికీలోంచి దూరంగా విసిరేశాను. దగ్గరుంటే మళ్లీ తీస్తానని భయం వేసింది.

వెలుతురు ఉండగానే గుడిసె తలుపు బందులు ఊడదీశాను. మంచి టేకు తలుపు, వెడల్పుగా ఉంది. కింద రెండు ఖాళీ నీళ్ల డబ్బాలు మూతలు బిగించి కట్టాను, పాయలో తేలడానికి. దుప్పటి, తాడు, ఉప్పు నీళ్లు. తహసీన్ రాకపోతే తెల్లవారగానే బయలుదేరతాం.

నవంబరు 10, గురువారం, ఉదయం ఆరు. 13.

తహసీన్ రాలేదు. బ్లెస్సీ పిలిస్తే పలకడం లేదు. గిచ్చితే మూలుగుతోంది. ఈ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి జాకెట్లో పెట్టుకుంటున్నాను. గుడిసెకు తలుపు లేదు. బియ్యం డబ్బా మీద రాయి పెట్టాను.

నవంబరు 12, శనివారం. ఆసుపత్రి వరండా.

ఇది గుడిసెలో రాస్తున్నది కాదు. అయినా పదో తారీకున జరిగింది ఈ పుస్తకంలోనే ఉండాలి.

బ్లెస్సీని తలుపు మీద పడుకోబెట్టి దుప్పటితో కట్టాను. నేను వెనక అంచు మీద రొమ్ము ఆనించి కాళ్లతో తన్నాను. ఒక తన్నుకు మూరెడు కదిలింది. ఒండ్రు చల్లగా, నెయ్యిలా ఉంది, కాలు పెడితే పట్టుకుని లాగుతుంది. ముప్పై తన్నులకోసారి ఆగి ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. పాయలో తలుపు ఒక పక్కకు ఒరిగిందిగాని మునగలేదు. నేను నీళ్లలో దిగి అంచు పట్టుకుని ఈదుతూ దాటించాను.

అవతలి ఒండ్రు ఎక్కాక ఎవరో దగ్గుతున్నట్టు వినిపించింది.

తహసీన్. రేవుకు నూట యాభై అడుగులు ఉందనగా, నడుము దాకా ఒండ్రులో దిగబడి ఉంది. దోనె ఆమెకు అందనంత దూరంలో పక్కకు పడి ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ముందురోజు ఉదయం నుంచి అక్కడే ఉంది.

"దోనె ఇరుక్కుంటే తోద్దామని దిగాను," అంది. గొంతు పోయింది. "తెలివితక్కువ పని. అది ఎలా ఉంది?"

"పలకట్లేదు."

"మరి నా దగ్గర నిలబడతావేం. తీసుకుపో. నేనెక్కడికీ పోను."

నీళ్ల సీసా ఆమెకు విసిరి ముందుకు తోశాను. ఆమెను దాటి ఇరవై అడుగులు వెళ్లి ఉంటాను. మోచేతుల కింద ఏదో తేడాగా అనిపించింది. ఒండ్రు మీద పల్చగా నీళ్లు పాకుతున్నాయి. ఎండుటాకులు, నురగ, అన్నీ పాయ వైపు నుంచి మా వైపు వస్తున్నాయి. జలాశయం మళ్లీ నిండుతోంది.

వెనక్కి తిరిగి చూశాను. తహసీన్ కూడా చూసింది. చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. నన్ను పిలవలేదు.

ఆ క్షణాన నేను ఆలోచించి ఏదో నిర్ణయించానని చెబితే అబద్ధం. బ్లెస్సీ కట్లు విప్పి ఈడ్చి దోనెలో పడుకోబెట్టాను. నీళ్లొస్తే దోనె తేలుతుందని మాత్రం గుర్తుంది. తలుపును వెనక్కి తిప్పాను.

"పిచ్చిదానా, నాకోసం ఆగితే అది పోతుంది," అంది తహసీన్.

"నోరు మూసుకుని తాడు చంకల కిందికి చుట్టుకో," అన్నాను.

లాగాను. రాలేదు. చేతులతో ఆమె చుట్టూ తవ్వాను. తవ్విన చోటల్లా మళ్లీ పూడిపోయింది. నీళ్లు ఆమె పొట్ట దాకా వచ్చాయి. రొమ్ము దాకా వచ్చాయి. తహసీన్ దువా చదువుకోవడం మొదలుపెట్టింది, పెదవులతోనే. నేను తలుపు మీద కూర్చుని తాడు నా నడుముకి చుట్టుకుని వెనక్కి వాలి, ఏడుస్తూ లాగాను. నీళ్లు ఆమె మెడకు తగిలాయి.

అప్పుడు ఆమె దువా ఆపి, "మోకాలు కదిలింది," అంది.

నీళ్లు లోపలికి దిగి ఒండ్రు వదులైంది. అదే నీళ్లు. ఇంకోసారి లాగితే ఒక కాలు వచ్చింది, ఆ తర్వాత రెండోది, చేప వచ్చినట్టు మొత్తం మనిషి తలుపు మీదికి వచ్చి పడింది. కాళ్లు రెండూ చెక్కల్లా ఉన్నాయి. కదపలేకపోయింది.

తలెత్తి చూస్తే దోనె అక్కడ లేదు.

నీళ్లు దాన్ని తేల్చి తీసుకుపోయాయి. చాలా దూరంలో, రేవుకు పక్కగా తుంగ ఉన్న వైపు, గుండ్రంగా తిరుగుతూ పోతోంది. పిలిచాను. పలికే మనిషి అందులో లేదని తెలిసీ పిలిచాను. మెడ దాకా నీళ్లలో తలుపు పట్టుకుని కాళ్లు కొట్టాను. దోనెకూ మాకూ మధ్య దూరం తగ్గలేదు.

తుంగలోంచి ఒక పడవ బయటికి వచ్చింది. సన్యాసమ్మ. తెడ్డు చాచి దోనె అంచు పట్టుకుని లాక్కుంది, లోపలికి తొంగి చూసింది. అప్పుడు మా వైపు తిరిగింది.

"ముగ్గురూ ఉన్నారా?" అని కేకేసింది.

"ఉన్నాం," అన్నాను.

మమ్మల్ని రేవుకు చేరుస్తూ ఆమె చెప్పింది. "తుపానొస్తాదని శనివారం మమ్మల్నందర్నీ పైకి తోలీసినారు. గేట్లు ఎత్తీసినారు. గాలేమో ఒరిస్సా ఏపు పోయింది, ఇయ్యాల మళ్లీ మూసీసినారు. దిబ్బ మీద మనుషులున్నారని ఎవలకీ గుర్తు నేదు. నేను చెప్తే, కాగితం చూస్తామన్నారు. కాగితం దొరకనేదు. నాకు మనసు ఆగక దిగొచ్చీసినాను."

దుప్పటిని తెడ్డుకు కట్టి డోలీ చేసింది. ముందు ఆమె, వెనక నేను. తహసీన్‌ని పొడి బట్టల్లో చుట్టి రేవులో వదిలాం. తనే పొమ్మంది. రెండున్నర కిలోమీటర్ల ఎత్తు దారి. సన్యాసమ్మ ఒక్కసారీ భుజం మార్చుకుందామనలేదు. నేనే మూడుసార్లు ఆపాను. మూడోసారి ఆపినప్పుడు బ్లెస్సీ ఊపిరి మధ్యలో ఖాళీలు వస్తున్నాయి. ఆ తర్వాత ఆపలేదు.

రాయి దాటగానే నా గింజ అదిరింది. డోలీ దించి బ్లెస్సీ భుజం కింద అరచెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఇంకా ముందుకు మోశాం. మలుపు దగ్గర మళ్లీ దించి చెయ్యి పెట్టాను. చాలాసేపు నా చేతి వణుకే తెలిసింది. ఆ వణుకు కింద ఇంకేదో ఉంది. సన్నగా, ఆగి ఆగి, కొత్తగా గూట్లోంచి లేచిన పురుగులా.

"తల్లీ, ఒచ్చిందా?" అంది సన్యాసమ్మ.

తలూపాను. ఎగిరే అంబులెన్సు వచ్చేదాకా ఆమె నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

నవంబరు 14, సోమవారం. ఆసుపత్రి.

తహసీన్ ఎడమ పాదానికి ఇంకా స్పర్శ రాలేదు. మూడు నెలలంటున్నారు, మొత్తంగా వస్తుందని ఎవరూ అనడం లేదు. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నిన్న మధ్యాహ్నం తనే పిలిచింది.

"అది భయపడి అబద్ధం చెప్పింది. నువ్వు చూడకుండా సంతకం పెట్టావు. ఇద్దర్లో నీ మీదే నాకు కోపం ఎక్కువ," అంది.

"తెలుసు," అన్నాను.

"అది నాతో చెప్పి ఉంటే రానిచ్చేదాన్ని కాదు. అందుకే నాతో చెప్పలేదు." నా వైపు తిరిగి, "దాన్ని దోనెలో వదిలి నాకోసం వచ్చావు చూడు, అది కూడా తప్పే. కానీ దాని గురించి నేనేం అనలేను," అంది. పక్క మీద జరిగి నాకు చోటిచ్చింది.

విచారణ ఉంటుందని మౌన మండలం ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈ పుస్తకం అడుగుతున్నారు. ఏడో తారీకు పేజీతో సహా రేపు ఇచ్చేస్తాను.

ఇవాళ ఉదయం తొమ్మిదింటికి బ్లెస్సీ కళ్లు తెరిచింది. విక్టర్ మంచం పక్కనే ఉన్నాడు. నాలుగు రోజులుగా గడ్డం గీయలేదు. చక్రాల కుర్చీలో తహసీన్ ఉంది. బ్లెస్సీ అందరినీ ఒక్కొక్కరినీ చూసింది. తహసీన్ దగ్గర ఆగింది.

"కొడతానన్నావు," అంది.

"లేవనీ," అంది తహసీన్.

విక్టర్ నవ్వబోయి ఏడ్చాడు. అప్పుడు తలాపున ఉన్న యంత్రం మర్యాదగా గొంతు సవరించుకుంది. రోగి రికార్డులో ఏడు రోజుల అంకెలు లేవని చెప్పింది. పాత అలవాట్లను బట్టి ఆ రోజుల్ని అంచనాతో నింపవచ్చు, కుటుంబానికి గోడ మీద తేడా తెలియదు, నింపమంటారా అని అడిగింది.

"నింపేయండి. చూసినప్పుడల్లా భయంగా ఉంది," అన్నాడు విక్టర్.

"ఒద్దు," అంది బ్లెస్సీ.

గొంతు చాలా చిన్నగా ఉంది. యంత్రం మళ్లీ అడిగింది. బ్లెస్సీ మళ్లీ ఒద్దంది.

"అదేంటి బ్లెస్సీ. పిల్లలు ఆ ఖాళీ చూసి అడుగుతారు. ఏం జరిగిందో వాళ్లకెలా తెలుస్తుంది?"

బ్లెస్సీ అతని చెయ్యి అందుకుంది. సూదులున్న చెయ్యి, నెమ్మదిగా కదిలింది.

"అడగనీ," అంది. "అడిగితే నా నోటితో నేను చెబుతాను."